బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎన్ని కిలోమీటర్లు?

ప్రశ్న: సార్ నమస్తే. మా అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో జాబ్ చేస్తున్నాడు, ఈసారి మా ఇద్దర్నీ రమ్మంటున్నాడు. బెంగళూరు నుంచి ఫ్లైట్‌లో ఎంత దూరమో అని నెట్‌లో చూస్తే ఒక చోట 14,000, ఇంకో చోట 8,700, మరో చోట 7,560 అని ఉంది. ఏది నమ్మాలి? మా ఆయనేమో అమెరికా అంటే పడమరకి కదా పోవాలి, మ్యాప్‌లో విమానం దారి చూపించే ఈ గీత ఉత్తర ధ్రువం వైపు పోతుందేంటి అంటున్నారు.
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మూడూ కరెక్టేనమ్మా. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్ళు, మూడోది పైలట్లు వాడే నాటికల్ మైళ్ళు, ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. చాలా సైట్లు పక్కన ఏ లెక్కో కనపడేట్టు రాయవు, అదీ తంటా. ఇక ఆ గీత సంగతి, ఇంట్లో పిల్లల గ్లోబ్ ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస బెంగళూరు మీద, ఇంకో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగమనండి మీ ఆయన్ని, దారం దానంతటదే జారి ధ్రువం పక్కకి పోతుంది, గోడ మీది మ్యాప్‌లో పై భాగాన్ని బాగా సాగదీసేసి ఉంటారు కాబట్టి మనకి అది చుట్టుదారిలా కనిపిస్తుంది అంతే. 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి వాళ్ళు, అంతా ఆడపైలట్లే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ధ్రువం మీదుగానే ఎయిర్ ఇండియా విమానం తెచ్చారు. 9వ తారీఖు రాత్రి ఎక్కినవాళ్ళు 11 తెల్లవారుజామున దిగారు, ప్రయాణం 17 గంటల పైచిలుకే కానీ టైం తేడా వల్ల 10వ తారీఖు మొత్తం గాల్లోనే పోయింది పాపం.

అయితే దూరం తక్కువైనంత మాత్రాన త్వరగా చేరతారని లేదు. ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని 2016 అక్టోబర్‌లో పడమరగా అట్లాంటిక్ వైపు మానేసి తూర్పుగా పసిఫిక్ మీదుగా తిప్పారు, దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకి పెరిగింది, టైం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది! అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది, అటే పోయే విమానాన్ని వెనక నుంచి నెడుతుంది. అందుకే నన్నడిగితే కిలోమీటర్లు వదిలేసి టికెట్ మీద మొత్తం ఎన్ని గంటలు, మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగాలి అన్నది చూసుకోండి. టికెట్‌లో దిగే టైం అక్కడి టైం, మనకన్నా ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక.

ప్రశ్న: భూమి తిరుగుతూనే ఉంది కదా, విమానం పైకి లేచి అక్కడే ఆగితే అమెరికానే కిందకి వచ్చేస్తుంది కదా?
- ఇంటర్ స్టూడెంట్, కరీంనగర్

జవాబు: గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది బాబూ, ఆ గాల్లో ఉన్న విమానమూ అంతే. కరీంనగర్ దగ్గర నేల సెకనుకి 440 మీటర్లు కదులుతోంది, నువ్వనేదే నిజమైతే నువ్వు బస్టాండ్‌లో ఒక్క సెకను పైకి ఎగిరి దిగేలోపు బస్సుతో సహా బస్టాండే వెళ్ళిపోవాలి.