చెరువు పూడికతీతకు నలుగురు కలిసేటప్పుడు ముందు కుదరాల్సింది నెలలు

మీరు అడిగింది ఇది: కనిగిరి దగ్గర మీ ఊరి చెరువులో పూడిక తీయాలి. రైతులు, పంచాయతీ, ఒక స్వచ్ఛంద సంస్థ, డబ్బిస్తామన్న కంపెనీ, హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న ఊరివాళ్లు కలిసి వస్తున్నారు. ముందు కమిటీ వేయాలా, బ్యాంకు ఖాతా తెరవాలా?

రెండూ తర్వాత చూసుకోవచ్చు. ఉదయగిరి వైపు మా మెట్ట ఊళ్లో ఇలాంటి పనిలో మొదటి నుంచి చివరిదాకా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ముందు ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలలూ రాసి, ఒక్కో భాగస్వామికి ఏ నెలలో చేతులు ఖాళీగా ఉంటాయో, ఏ నెలలో కట్టేసి ఉంటాయో గుర్తు పెట్టండి. మనసులు కలిసిన చోట కూడా నెలలు కలవక పని చెడుతుంది.

మన జిల్లాల్లో వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరులోపు పడుతుంది. చెరువు నిండేది అప్పుడే. ఆయకట్టు కోతలయ్యేసరికి మార్చి, ఏప్రిల్ వస్తాయి. నేల ఆరి యంత్రం దిగబడకుండా నిలబడేది ఎండలు ముదిరాకే. కంపెనీకేమో మార్చి 31తో లెక్క ముగుస్తుంది. ఫిబ్రవరిలో వాళ్ల మనిషి వచ్చి ఇంకా పని మొదలుపెట్టలేదేమని అడుగుతాడు. చెరువులో నడుము లోతు నీళ్లుంటాయి. విదేశాల నుంచి వచ్చేవాళ్లు సంక్రాంతికి వస్తారు, పనులు జరుగుతుంటే చూడాలని ఉంటుంది. అప్పుడు చూడటానికి ఉండేవి నీళ్లూ కొంగలే.

దీనికి చట్టంలోనే దారి ఉంది. సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు, అదే అందరూ సీఎస్‌ఆర్ అనేది, ఆ ఏడాదిలో ఖర్చు కాకపోతే పోయినట్టే అనుకోనక్కరలేదు. కంపెనీ బోర్డు దీన్ని ఒక్క ఏడాదితో ముగియని, కొనసాగే ప్రాజెక్టుగా గుర్తించి ఉంటే, మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మళ్లించి, మూడు ఆర్థిక సంవత్సరాల్లోగా ఖర్చు పెట్టవచ్చు. ఈ మాట మొదటి సమావేశంలోనే అడగండి, మార్చిలో అడిగితే లాభం లేదు. కంపెనీ ఈ పనిని సంస్థ ద్వారా చేయిస్తుంటే, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ సంస్థకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 అనే నమోదు తప్పనిసరి. స్వచ్ఛంద సంస్థను ఆ నంబరు చూపించమనండి. ఊరి కమిటీ పేర కంపెనీ డబ్బు వేయించుకోవాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఊరివాళ్ల చందాలు వేరే ఖాతాలో ఉండాలి. రెండూ కలిస్తే ఆడిట్ వేళ ఎవరూ జవాబు చెప్పలేరు.

ఇక ఎవరూ పిలవని భాగస్వామి ఒకరుంటారు. చేపల లీజు తీసుకున్న మత్స్యకారుల సంఘం. నీళ్లు తగ్గినప్పుడే వాళ్లు చేపలు పట్టేది. మీ యంత్రం దిగేదీ అప్పుడే. వాళ్లతో తేదీ మాట్లాడకుండా తూము తెరిచారంటే తగవు పోలీసు స్టేషను దాకా వెళుతుంది. చెరువు పోరంబోకులో సాగు చేసుకునే నాలుగైదు కుటుంబాలు ఉంటే వాళ్లనూ పిలవండి. అడ్డుపడగలిగిన ప్రతివాడూ భాగస్వామే, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా.

అనుమతి సంగతి: చెరువు ఏ శాఖ రికార్డులో ఉందో కనుక్కొని అక్కడికే దరఖాస్తు పెట్టండి. సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 నాటి చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం మీ చెరువుకు ఉంటే దాని తీర్మానం జత చేయండి. ఇంజనీరును ఒక్కసారైనా చెరువులోకి దింపి, కట్ట పాదానికి ఎంత దూరం వదలాలో, ఎంత లోతు తీయాలో సున్నంతో గీయించండి. తూము మట్టానికి దిగువన తవ్విన గుంటలో నీళ్లు నిలుస్తాయి, పశువులకూ బోర్లకూ మేలే, కానీ అవి తూము గుండా పొలానికి పారవు. ఆ సంగతి ముందే చెప్పకపోతే, అంత తవ్వినా చివరి మడికి నీళ్లు రాలేదని ఆయకట్టు రైతు నిలదీస్తాడు. కలుజు, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే కట్టడం, ఎత్తు పెంచుదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి; ఎగువ పొలాలు మునుగుతాయి, కట్టకూ ముప్పు.

అసలు గొడవ మట్టి దగ్గర వస్తుంది. తీసిన ఒండ్రు పొలాలకు బంగారం, ఇటుక బట్టీలకూ ప్లాట్లు వేసేవాళ్లకూ డబ్బు. మా దగ్గర ఒక కాంట్రాక్టరు రాత్రిపూట టిప్పర్లు రోడ్డెక్కించడం మొదలుపెట్టాడు. పొలాలకే అని రాసిన కాగితం మీద అతని సంతకం ఉంది కాబట్టి మర్నాడే ఆపగలిగాం. నమ్మకం మాటలు ఎన్ని చెప్పుకున్నా, ఆ రోజు పనికొచ్చింది ఆ కాగితమే. మా ఒప్పందం ఇలా ఉండేది: తవ్వి ఎత్తిపోసే యంత్రం ఖర్చు కంపెనీది, తోలుకునే ట్రాక్టరు ఖర్చు రైతుది. సొంత డబ్బు పెట్టి తోలుకునే రైతు రాళ్లు కలిసిన మట్టిని ఒప్పుకోడు కాబట్టి, నాణ్యతకు వేరే కాపలా అక్కరలేకపోయింది. యంత్రం గంటల మీటరును పొద్దునా సాయంత్రం ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లం. విదేశాల్లోని వాళ్ల ప్రశ్నలు సగం దాంతోనే తగ్గాయి. మిగతా సగం ఎలాగూ తగ్గవు.

పంచాయతీ సర్పంచిని అధ్యక్షుణ్ణి చేయాలా అని కూడా అడిగారు. పేరుకు చేయండి, మంచిదే. డబ్బు మీద సంతకం మాత్రం ఇద్దరిది ఉండాలి, ఇద్దరూ ఒకే వీధివాళ్లు కాకూడదు.

మీ చెరువుకు పైనుంచి కాలువ నీళ్లు వస్తాయా, వాన నీళ్లేనా అన్నది మీరు రాయలేదు. మా జిల్లాలో సోమశిల జలాశయం కింద ఉన్న చెరువులకు ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్లు వదిలిన ఏడాది వేసవి పని అవకాశమే ఉండదు. అది, చేపల లీజు ఎప్పటికి ముగుస్తుందో ఆ తేదీ తెలిపితే, ఏ నెల నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలో చెప్పగలను.