తెల్ల కాగితం దానపత్రం కాదు, అలాగని పారేయకండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి అవగానే ఆడపిల్లలు చదువు మానేసి ఇళ్లల్లో ఉండిపోతుంటే చూడలేక ఆరేళ్ల కిందట వాళ్ల కోసం ఒక సెంటర్ మొదలుపెట్టాను. ఊళ్లో ఒక పెద్దాయన తన ఇంటి పక్కనున్న ఐదు సెంట్ల స్థలం ‘ఆడపిల్లల కోసం వాడుకోమ్మా’ అని తెల్ల కాగితం మీద నా పేరున రాసి సంతకం పెట్టి ఇచ్చారు. నా బంగారం బ్యాంకులో కుదువ పెట్టి, చందాలు పోగుచేసి రెండు గదులకు స్లాబు వేయించాను. మరుగుదొడ్లు పంచాయతీ వాళ్లు కట్టించారు. ఇప్పుడు కుట్టుమిషన్లు, రెండు కంప్యూటర్లు, చిన్న లైబ్రరీ ఉన్నాయి. పెద్దాయన నిరుడు చనిపోయారు. కొడుకులిద్దరూ పదిహేను రోజుల్లో ఖాళీ చేయమని లాయరు నోటీసు ఇచ్చారు. ఆయన కూతురికి మాత్రం సెంటర్ అంటే ప్రాణం, కానీ అన్నలకు ఎదురు చెప్పలేకపోతోంది. తెలిసినాయన ఒకరు పాత తేదీ స్టాంపు పేపరు తెప్పిస్తానంటున్నారు. ఇంకొకరు ఎలాగోలా పన్నెండేళ్లు నెట్టుకొస్తే మనదే అయిపోతుందంటున్నారు. ఇంత కష్టపడ్డాక మాకు న్యాయం జరగదా? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ఎంత కష్టపడ్డారో కోర్టు తూకం వేయదు. జడ్జిగారు అడిగేది ఒక్కటే. ఆ రెండు గదులు ఎవరి అనుమతితో, ఎవరి డబ్బుతో కట్టారు, రుజువేది? మీ కేసు మొత్తం అక్కడే తేలుతుంది.

ముందు చేదు మాట చెప్పేస్తాను. ఆ స్థలం మీకు దానంగా రాలేదు. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 123 ప్రకారం స్థలం దానం ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో దానపత్రం రాసి రిజిస్టర్ చేయాలి. రాసిన పత్రాన్ని నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి, తగిన కారణం చూపించి జరిమానా కడితే ఇంకో నాలుగు నెలలు. పెద్దాయన ఆ రోజుల్లో తిరుగుతూనే ఉన్నారు కదా, ఒక్క పూట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లి ఉంటే ఈ రోజు మీకు ఈ టెన్షన్ ఉండేది కాదు. స్లాబు వేయడానికి బంగారం తాకట్టు పెట్టేంత తెగువ ఉన్న మనిషి ఇంత చిన్న పని వాయిదా వేయడం నాకు నిజంగా బాధ కలిగించింది. అయిందేదో అయింది.

అయినా మీకు దారి ఉంది. ఈజ్‌మెంట్స్ చట్టం, 1882 సెక్షన్ 60(బి) అని ఒకటుంది, పాత మద్రాసు ప్రాంతం కాబట్టి మన కోస్తా జిల్లాలకు మొదటి నుంచీ వర్తిస్తోంది. యజమాని అనుమతితో స్థలంలోకి వచ్చినవాళ్లు ఆ అనుమతిని నమ్ముకుని సొంత ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేస్తే, యజమాని ఆ అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోలేడు. ఉత్తరప్రదేశ్‌లో ఒక కాలేజీ ఇలాగే యజమాని అనుమతితో ఉన్న స్థలంలో కట్టడాలు కట్టుకుంటే, తర్వాత ఆ ఆస్తి కొనుక్కున్న మనిషి ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. రామ్ సరూప్ గుప్తా కేసు, 1987. కాలేజీయే గెలిచింది. కొనుక్కున్నవాడికే సాగనిది, వారసత్వంగా వచ్చిందని చెప్పే కొడుకులకు ఎలా సాగుతుందన్నదే మన వాదన. అయితే ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి, దీనితో మీరు ఓనర్లు కారు. స్థలం వాళ్లదే, వాడుకునే హక్కు మీది. అదీ ఆడపిల్లల సెంటర్‌గా ఉన్నంత వరకే, ఎందుకంటే ఏ పని కోసం అనుమతి ఇచ్చారో దాన్ని వదిలేస్తే అనుమతి రద్దయినట్టే లెక్క. అందుకని నోటీసుకి భయపడి క్లాసులు ఆపకండి. హాజరు పట్టీ రోజూ రాయండి.

ఇక సాక్ష్యం. అనుమతి, శాశ్వత కట్టడం, మీ ఖర్చు, ఈ మూడూ రుజువు చేయాల్సింది మీరే. బంగారం సంగతి మీరు బాధతో రాశారు, నాకు మాత్రం అది మీ దగ్గరున్న అన్నిటికన్నా గట్టి సాక్ష్యంలా కనిపించింది. గోల్డ్ లోన్ తేదీ, డబ్బు డ్రా చేసిన తేదీ, సిమెంటు, ఇనుము బిల్లుల తేదీ వరసగా కలిస్తే ఎవరి డబ్బుతో కట్టారో వేరే చెప్పనక్కర్లేదు. బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. బిల్లులు పోయాయంటే కొట్టువాళ్ల దగ్గర కాపీలు అడగండి, మేస్త్రీ దగ్గర లెక్కల పుస్తకం ఉంటే ఫొటో తీసుకోండి, అతన్ని సాక్షిగా అనుకోండి. చందాలు ఇచ్చినవాళ్ల చేత ఎంత ఇచ్చారో రాయించుకోండి, కానీ ఇవాళ్టి తేదీతోనే. పెద్దాయన పంపిన వాట్సాప్ మెసేజీలు, శంకుస్థాపన ఫొటోలు ఉన్న ఫోన్ అమ్మకండి, మార్చకండి. అవి కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే అది తేలిక.

మరుగుదొడ్ల గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు కానీ అసలు తీగ అక్కడ ఉండొచ్చు. ప్రైవేటు స్థలంలో ప్రభుత్వ డబ్బుతో కట్టేటప్పుడు మామూలుగా స్థలం యజమాని ఒప్పుదల రాయించుకుంటారు. పంచాయతీలోనూ ఎంపీడీఓ ఆఫీసులోనూ ఆ ఫైలు కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు ఇవాళే పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కరెంటు మీటరు దరఖాస్తులో కూడా ఆయన సంతకం ఉందేమో చూడండి. ప్రభుత్వ ఫైల్లో ఆయన సంతకం దొరికితే కొడుకులు ‘మాకు తెలియకుండా ఆక్రమించారు’ అనే మాట ఎత్తలేరు.

తెల్ల కాగితం జాగ్రత్తగా ఉంచండి. దానంగా చెల్లకపోయినా, అనుమతితోనే లోపలికి వచ్చారని చూపించడానికి ఆ పరిమితి మేరకు వాడుకోవచ్చు. కోర్టు దాన్ని దానపత్రంగా చదివితే మాత్రం స్టాంపు సుంకం, దాని మీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టాకే సాక్ష్యంగా తీసుకుంటుంది. ఆ ఖర్చుకి సిద్ధపడండి.

పాత తేదీ స్టాంపు పేపరు తెస్తానన్న మనిషిని గడప తొక్కనివ్వకండి. ఏ నంబరు పేపరు ఏ రోజు ఎవరికి అమ్మాడో స్టాంపు వెండరు రిజిస్టర్లో ఉంటుంది, అవతలి లాయరు మొదట పిలిపించేది ఆ రిజిస్టర్నే. భారతీయ న్యాయ సంహిత 338 కింద ఇలాంటి పత్రాల ఫోర్జరీకి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. మీరు జైలుకి వెళ్తే ఆ పిల్లల గతేమిటి? పైగా ఒక్క దొంగ కాగితం పెట్టారంటే నిజమైన తెల్ల కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు. అలాగే కొడుకులు మెత్తబడినట్టు వచ్చి ‘పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు రాసుకుందాం, సెంటర్ నడుపుకోండి’ అంటే సంతకం పెట్టకండి. పెట్టిన రోజు నుంచి మీరు అద్దెకున్నవాళ్లు, 60(బి) చేజారినట్టే.

పన్నెండేళ్ల మాట కూడా మర్చిపోండి. అనుమతితో ఉన్నవాళ్లకు ఎన్నేళ్లు గడిచినా స్వాధీనం వల్ల హక్కు రాదు. జవాబు నోటీసులో ఆ మాట రాస్తే అనుమతి వాదనకు అదే ఎదురుతిరుగుతుంది. మీకు వర్తించే గడువు వేరే ఉంది. వాళ్లు బలవంతంగా తాళం వేస్తే తాళం పగలగొట్టకండి, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి. ఆరు నెలలు దాటితే ఆ సెక్షన్ మీకు లేదు.

నోటీసులో ఉన్న పదిహేను రోజులు వాళ్లు పెట్టిన గడువే, చట్టం పెట్టింది కాదు. అయినా ఆ లోపే లాయరు చేత జవాబు పంపించండి. సివిల్ కోర్టులో కేవియట్ వేయండి, 90 రోజులు పనిచేస్తుంది, ఆ లోపు వాళ్లు మీకు చెప్పకుండా స్టే తెచ్చుకోలేరు. ఆ తర్వాత శాశ్వత ఇంజంక్షన్ కోసం, అంటే వాళ్లు మిమ్మల్ని ఖాళీ చేయించకుండా కోర్టు ఇచ్చే నిషేధ ఉత్తర్వు కోసం, మీ పేరు మీదే దావా వేయండి. సొసైటీ కూడా రిజిస్టర్ చేయించండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కానీ ఆరేళ్ల కిందట స్థలం సొసైటీ తీసుకుందని ఎక్కడా రాయకండి, రిజిస్ట్రేషన్ తేదీయే మిమ్మల్ని పట్టిస్తుంది. ఫీజుల భయం వద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల చట్టం కింద ఉచిత లాయరు దొరుకుతారు, మండల న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వండి.

ఇక ఆ కూతురు. మీరు చివర్లో పేరుకి చెప్పి వదిలేశారు, నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను. వీలునామా లేకపోతే తండ్రి ఆస్తిలో ఆమెకూ అన్నలతో సమాన వాటా ఉంది, తల్లి బతికి ఉంటే ఆవిడకూ ఉంది. నోటీసు ఇద్దరు కొడుకుల పేరు మీదే వచ్చింది. మిగతా వారసులు అభ్యంతరం చెబితే వాళ్లిద్దరే ఖాళీ చేయించడం అంత తేలిక కాదు, పైగా తండ్రి ఏ మాట చెప్పి స్థలం ఇచ్చాడో కళ్లారా చూసిన సాక్షి ఆమె. అన్నలతో గొడవ పెట్టుకోమని అడగకండి. లోక్ అదాలత్‌లో కూర్చుందాం, సెంటర్‌కి నాన్నగారి పేరు పెడతాం, వారసులందరూ కలిసి సొసైటీ పేరున రిజిస్టర్ చేసిన దానపత్రమో దీర్ఘకాలిక లీజో ఇవ్వండి అని ఆమె ద్వారానే కబురు పంపండి. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. జవాబు నోటీసు పోస్టు చేసే ముందే ఆమెతో మాట్లాడండి.