ప్రతి పైసా రాసుకుంటున్నారు సరే, ఆ ఇంటి లెక్క రాశారా?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సాయంత్రాలు ఒక ఆఫీసులో పద్దులు రాసి కొంత సంపాదిస్తున్నాను. ఎప్పటికైనా ఇళ్లు కొని అద్దెలకిచ్చే ఇన్వెస్టర్‌ని కావాలని నా కోరిక. అందుకే బస్సు చార్జీ మిగులుతుందని నడిచి వెళ్తాను, ప్రతి ఖర్చూ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. స్నేహితులు పిసినారినంటారు. ఈమధ్య మా పెదనాన్నగారి అబ్బాయి ఒక పాత ఇల్లు చూపించి, ఇద్దరం కలిసి కొందాం, వారంలోగా అడ్వాన్స్ ఇవ్వాలి అంటున్నాడు. నా పొదుపంతా అందులో పెట్టేయాలని ఉంది. చిన్న ఖర్చుల దగ్గర ఇంత బిగపట్టి, పెద్ద ఖర్చు దగ్గర చేయి వదలడం తప్పా? డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలో చేరితే నా దారికి పనికొస్తుంది?

జవాబు: మీరడిగిన వాటిలో గడువు ఉన్నది ఒక్కదానికే కాబట్టి ముందు ఆ ఇంటి మాట. ఈ వారం అడ్వాన్స్ ఇవ్వకండి.

ఆ ఇల్లు చెడ్డదని నేననడం లేదు. దాని గురించి మీకు తెలిసింది చాలదంటున్నాను. నడిచి మిగుల్చుకునే బస్సు చార్జీ గురించి రాశారు. ఆ ఇంటికి అద్దె ఎంత వస్తుందో, పైకప్పూ పైపులూ ఏ స్థితిలో ఉన్నాయో, హక్కు పత్రాలు ఏ లాయరు చూశారో ఒక్క ముక్క కూడా రాయలేదు. మీ అన్నయ్యను ఇవన్నీ అడగండి. ఇంకొకటి కూడా అడగండి: నాలుగేళ్ల తర్వాత మీలో ఒకరికి డబ్బు అవసరమై బయటికి రావాలనుకుంటే, రెండోవారు ఆ వాటాను ఏ లెక్కన కొంటారు? మరమ్మతు వస్తే ఎవరెంత పెట్టాలి? అన్నదమ్ముల మధ్య కాగితమేమిటని మొహమాటపడతారేమో. అన్నదమ్ములు కాబట్టే కాగితం ఉండాలి. పరాయివాడితో గొడవొస్తే డబ్బు పోతుంది, అన్నయ్యతో గొడవొస్తే డబ్బుతోపాటు పెదనాన్నగారింటికి రాకపోకలూ పోతాయి. వాటాలు, బాధ్యతలు, బయటికొచ్చే పద్ధతి రాసుకున్నాక, లాయరూ ఇంజనీరూ చూశాక ఇవ్వండి అడ్వాన్స్. అమ్మేవారు అప్పటిదాకా ఆగనంటే ఆ ఇల్లు వదులుకోండి. మీ వయసుకు ఇంకా ఎన్నో ఇళ్లు చూస్తారు.

చిన్న ఖర్చు దగ్గర జాగ్రత్తగా ఉండేవారు పెద్ద ఖర్చు దగ్గర ఎందుకు తేలిగ్గా తలూపుతారు? ఇది మీ ఒక్కరి స్వభావం కాదు. 1981లో ఎమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రశ్నతో దీన్ని బయటపెట్టారు. మీరొక కాలిక్యులేటర్ కొనబోతున్నారు. ధర 15 డాలర్లు. ఇరవై నిమిషాల దూరంలో ఉన్న అదే కంపెనీ మరో దుకాణంలో 10 డాలర్లకే ఇస్తున్నారు. వెళ్తారా? 68 శాతం మంది వెళ్తామన్నారు. వేరేవాళ్లను అడిగినప్పుడు కాలిక్యులేటర్ ధర 125 డాలర్లు, అక్కడ 120 అన్నారు. ఈసారి వెళ్తామన్నది 29 శాతమే. మిగిలేది రెండుచోట్లా అదే 5 డాలర్లు, పోయేది అదే ఇరవై నిమిషాలు. మన మనసు మిగిలే డబ్బును డబ్బుగా చూడదు, ధరలో ఎన్నో వంతు అని చూస్తుంది.

ఇల్లు కొనేచోట ఈ అలవాటు చాలా ఖరీదైనది. ధరలో మూడు శాతం అంటే చెవికి ఏమీ కాదనిపిస్తుంది. 'ఇంత పెడుతున్నాం, ఆ కాస్త దగ్గర బేరమెందుకు' అని ఇంట్లోవాళ్లు కూడా అంటారు. లెక్క వేయండి. ఇంటి ధర 100 అనుకుందాం, ఏడాది అద్దె 5. అప్పుడు ఆ మూడు శాతం ఏడు నెలల అద్దెకన్నా ఎక్కువ. ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుని మాట్లాడితే తగ్గే మొత్తం అది. మీరు ఎన్ని నెలలు నడిస్తే అంత బస్సు చార్జీ మిగులుతుందో మీ నోట్‌బుక్కే చెబుతుంది.

ఇదంతా చదివి నడక మానేయమంటున్నానని అనుకోకండి. చిల్లర పొదుపు వల్ల ఏమీ కాదు, పెద్ద నిర్ణయాలు సరిగా తీసుకుంటే చాలు అని చెప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఇంకా ఏమీ కొనని మీలాంటివారికి పొదుపే అతి పెద్ద బలం. ఇంటి ధర మీ ఆరేళ్ల జీతమంత ఉందనుకోండి. అందులో నాలుగో వంతు, అంటే ఏడాదిన్నర జీతం, కొనుగోలు ఖర్చులతో కలిపి మీ చేతి నుంచి పెట్టుకోవాలి. జీతంలో 20 శాతం దాచేవారికి అది కూడడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. 30 శాతం దాచేవారికి ఐదేళ్లు చాలు. ఆ పది శాతం తేడాతో మీ జీవితంలో రెండున్నరేళ్లు ముందుకు జరుగుతాయి. ఇందుకు మిమ్మల్ని ఎవరైనా పిసినారి అంటే అననివ్వండి.

కొన్న తర్వాత కూడా పొదుపుతో పని తీరిపోదు. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్లకు ఎవరూ ముందుగా చెప్పనిది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అదే 100 ధర, 5 అద్దె తీసుకోండి. ఏడాదికి ఇంటి విలువలో ఒక శాతం మరమ్మతులకు పోతుందన్నది చాలామంది వాడే మోటు అంచనా. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే అద్దెలో పన్నెండో వంతు పోతుంది. పన్ను, బీమా తీసేస్తే చేతికి 3 మిగిలితే బాగా మిగిలినట్టే. ఇప్పుడు అప్పు వైపు చూడండి. 80 అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఏడాదికి కట్టే వాయిదాలన్నీ కలిపి 8. వచ్చేది 3, కట్టేది 8. ఆ తేడా 5 మీ జీతంలోంచే రావాలి. ఇంటి ధర ఆరేళ్ల జీతమంత అనుకున్నాం కాబట్టి, ఈ 5 అంటే మీ జీతంలో 30 శాతం.

గమనించారా? ఐదేళ్లు ఏ 30 శాతం దాచారో, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే 30 శాతం ఆ ఇంటిని మోయాలి. అద్దె పెరిగేకొద్దీ, జీతం పెరిగేకొద్దీ భారం తగ్గుతుంది, కానీ మొదటి కొన్నేళ్లు గట్టివి. ఆ అలవాటు లేనివాళ్లు రెండు వాయిదాలు తప్పగానే ఇంటిని ఎంతకొస్తే అంతకు అమ్ముకుంటారు. మీ నోట్‌బుక్ మీకు ఇచ్చేది ఆ నిలదొక్కుకునే శక్తి. మంచి ఇల్లు ఏదో చెప్పే శక్తి మాత్రం దానికి లేదు, అది వేరే నేర్చుకోవాలి.

అప్పు దగ్గర ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. 8 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పు తీసుకుంటే, తీరేసరికి కట్టిన వడ్డీ అసలుకన్నా కాస్త ఎక్కువే అవుతుంది. అదే అప్పు ఏడున్నర శాతానికి దొరికితే, ప్రతి నూటికీ ఏడుకు పైగా తగ్గుతుంది. 80 అప్పు మీద అది దాదాపు 6, అంటే ఏడాది అద్దెకన్నా ఎక్కువ. నాలుగు బ్యాంకులు తిరగడానికి పట్టేది రెండు మూడు రోజులు. ఇంకో సంగతి. సొంత డబ్బు 20, అప్పు 80 పెట్టి కొన్న ఇంటి ధర పది శాతం పడిపోతే, మీ 20లో సగం పోయినట్టే. అప్పు లాభాన్ని ఎంత పెంచుతుందో నష్టాన్నీ అంతే పెంచుతుంది. అందుకే కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా పక్కన ఉండాలి. మీ పొదుపంతా అందులో పెట్టేస్తానన్న మాట నాకు నచ్చనిది ఇందుకే.

పొదుపు ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. పత్రాలు చూసే లాయరు ఫీజు దగ్గర, గోడలూ పునాదీ చూసే ఇంజనీరు ఫీజు దగ్గర మిగుల్చుకోవాలని చూడకండి. ఆ రెండూ కలిపినా ఇంటి ధరలో అతి చిన్న భాగం, అవి ఆపగలిగే నష్టం మొత్తం ధరంత. కప్పులో చెమ్మ కనపడగానే మేస్త్రీని పిలవండి. వచ్చే ఏడాది చూద్దామనుకుంటే గోటితో పోయేదానికి గొడ్డలి కావాల్సి వస్తుంది.

అద్దె విషయంలో కూడా ఇలాగే తొందరపడతారు. సకాలంలో అద్దె కట్టి, ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవారిని ఐదు శాతం పెంచలేదని పంపేశారనుకోండి. కొత్తవాళ్లు వచ్చేలోపు ఒక్క నెల ఖాళీగా ఉన్నా, పెరిగిన ఐదు శాతంతో ఆ నెల అద్దె పూడడానికి 20 నెలలు పడుతుంది. మధ్యలో రంగులు వేయిస్తే ఇంకా ఎక్కువ.

పిసినారి అన్న మాటకు నా దృష్టిలో ఒక గీత ఉంది. మీరు నడిచి మిగుల్చుకుంటే ఆ కష్టం మీది, అది పొదుపు. అద్దెకున్నవాళ్ల ఇంట్లో వైరింగు పాడైందని తెలిసీ బాగుచేయించకపోతే ఆ కష్టం వాళ్లది, ఒక్కోసారి ప్రమాదం కూడా. ఆ పని ఎన్నడూ చేయకండి. రేపు మీరు యజమాని అయ్యాక ఈ తేడా మసకబారే రోజులు వస్తాయి, అప్పటికి గుర్తుండాలని ఇప్పుడే చెబుతున్నాను.

రోజువారీ ఖర్చుల మీద మీరు పెడుతున్న ధ్యాసను మాత్రం కొంత తగ్గించండి. జీతం పడిన రోజే 30 శాతం వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. మిగిలిన దాంట్లో హాయిగా బతకండి, ప్రతి చిల్లర ఖర్చుకూ మనసులో పంచాయితీ అక్కర్లేదు. నోట్‌బుక్ నెలకోసారి చూసుకుంటే చాలు. అలా మిగిలిన సాయంత్రాలను ఇళ్లు చూడడానికి పెట్టండి.

అది ఎలాగంటారా? అమ్మకానికి, అద్దెకు ఉన్నాయని ప్రకటించిన ఇళ్లలో ప్రతి నెలా కొన్నింటిని ఎంచుకోండి. వీలైతే వెళ్లి చూడండి. ఒక్కోదానికి మీ అంచనా రాయండి: ఎంత అద్దె వస్తుంది, ఎన్నాళ్లకు అద్దెకు పోతుంది, ముందుగా ఏ మరమ్మతు వస్తుంది, ఏ ధరకైతే మీరు కొంటారు. మూడు నెలల తర్వాత ఆరా తీసి, అసలు జరిగింది పక్కన రాయండి. మీ అంచనాకూ వాస్తవానికీ తేడా ఎక్కడ ఎక్కువగా వస్తోందో చూడండి. చాలామంది అద్దె దాదాపు సరిగ్గానే చెబుతారు, మరమ్మతులను మరీ తక్కువ వేస్తారు. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఏడాది ఇలా చేస్తే, మీ అన్నయ్య రేపు ఇంకో ఇల్లు చూపించినప్పుడు మీరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ఉద్యోగం గురించి. కామర్స్ చదివినవారికి మూడు తలుపులు కనిపిస్తున్నాయి. బ్యాంకులోనో గృహరుణ సంస్థలోనో రుణ దరఖాస్తులు పరిశీలించే విభాగం ఒకటి. అక్కడ ఎవరి అప్పు ఎందుకు ఆగిందో, ఏ పత్రం లేక ఏ కొనుగోలు చెడిందో వందల ఫైళ్లలో చూస్తారు. ఆస్తుల విలువ కట్టే సంస్థ రెండోది. దీనికి అంతర్జాతీయంగా గుర్తింపున్న వృత్తి సంఘాలు కూడా ఉన్నాయి. 1868లో లండన్‌లో ఏర్పడిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ వాటిలో పాతది. చదువుతోపాటు పని అనుభవాన్నీ చూసి సభ్యత్వమిస్తుంది. మూడోది, ఇతరుల ఇళ్లనూ భవనాలనూ చూసుకునే ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీ.

నన్నడిగితే మూడోదే ముందు. దానికి పెద్దగా హోదా లేదు, లిఫ్ట్ ఆగిందని రాత్రిపూట ఫోన్లు వస్తాయి. కానీ ఇల్లు కొన్న తర్వాత ఏం జరుగుతుందో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు: ఏది ముందు పాడవుతుంది, ఏ కాంట్రాక్టర్ మాట మీద నిలబడతాడు, అద్దెకున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేస్తారు. బ్రోకర్ ఆఫీసులో చేరమని కూడా చాలామంది చెబుతారు. మనుషులతో మాట్లాడడం, బేరం నడపడం బాగానే వస్తాయి. అయితే కమీషన్ మీద బతికేచోట త్వరగా ముగించడమే గెలుపు. మొదటి ఉద్యోగంలో ఆ తొందర మీకు అలవాటు కావడం నాకిష్టం లేదు.

నేర్చుకునే చోట జీతం పది శాతం తక్కువైనా చేరిపోండి, ఆ లోటు తర్వాత తీరుతుంది. మూడోవంతు తక్కువంటే మాత్రం వద్దు. 30 శాతం దాచాలనుకునేవారికి అంత తగ్గాక దాచడానికేమీ మిగలదు. అలాంటప్పుడు బ్యాంకు రుణ విభాగంలో చేరండి, సెలవు రోజుల్లో ఎవరైనా ఇంటి యజమానికి అద్దెల పద్దులు రాసిపెట్టండి. పద్దులు రాయడం మీకెలాగూ వచ్చు కదా.