గళ్ల అరలో పట్టే బుట్టలు

ప్రశ్న: మా హాల్లో ఐకియా కాలాక్స్ గళ్ల అర ఉంది. కొలత 13 అంగుళాలని చూసి ఆన్‌లైన్‌లో తెప్పించిన వెదురు బుట్టలు గడిలో పట్టడం లేదు. ఏ కొలతవి కొనాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కాలాక్స్ గడి లోపలి వెడల్పు, ఎత్తు 33 సెంటీమీటర్లు. 13 అంగుళాలంటే 33.02 సెంటీమీటర్లు కనుక, వంగే గుణం లేని బుట్ట అందులో ఇరుక్కుపోక తప్పదు. పైగా చేత్తో అల్లిన బుట్ట అడుగున ఇరుకుగా, అంచు దగ్గర వెడల్పుగా ఉండటం మామూలే. అమ్మేవారు ఏ కొలత రాసినా, మీరు అడిగి తెలుసుకోవలసింది పిడులతో సహా పై అంచు కొలత. గట్టి బుట్టకు వెడల్పు 31, ఎత్తు 30 సెంటీమీటర్లు మించకపోతే చెయ్యి పెట్టి లాగడానికి వీలుగా ఉంటుంది. గుడ్డ పెట్టెలైతే 33 ఉన్నా సర్దుకుంటాయి. ముందు నుంచి వెనక్కి లోతు మాత్రం 38 వరకూ ఉండనివ్వండి. ఆ లోతు తక్కువైన బుట్ట కొంటే వెనక మిగిలే సందులో దుమ్ము చేరుతుంది, మన ఇళ్లలో బొద్దింకలూ చేరతాయి. వానాకాలంలో వెదురుకు బూజు పడుతుంది కాబట్టి, అప్పుడప్పుడు ఎండలో పెట్టండి. ఇప్పుడు తెప్పించినవి వాపసు తీసుకోకపోతే ఉల్లిపాయలకు వాడుకోండి.