అప్పు తీరింది, ఎంట్రీ మిగిలింది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

యంత్రాలు, వాహనాలు, సరుకు మీద తీసుకున్న అప్పుల లెక్క ఒకప్పుడు బ్యాంకు బీరువాలోనో, ఆఫీసు ఫైళ్లలోనో ఉండేది. ఇప్పుడది ఆన్‌లైన్ రిజిస్ట్రీల్లోకి మారింది. ఆ మార్పులో చిక్కుపడ్డ వాళ్లు రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మాది రైస్ మిల్లు. పక్క ఊళ్లో మూతపడ్డ మిల్లు నుంచి సార్టెక్స్ మెషిన్ (రంగు మారిన గింజలు ఏరే యంత్రం) సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నాం. దాని మీద బ్యాంకు అప్పు లేదని ఓనరు నోటిమాటగా చెబుతున్నారు. అది నిజమో కాదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చా? – పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చూసుకోవచ్చు, కానీ అక్కడ కనిపించినదే మొత్తమని అనుకోకండి. యంత్రానికి ఆర్‌సీ లాంటిదేమీ ఉండదు. అందుకే పాతకాలంలో మిల్లు గోడ మీద ‘ఫలానా బ్యాంకుకు హైపోతికేట్ చేయబడినది’ అని, అంటే అప్పుకు హామీగా పెట్టారని, రాసిన బోర్డే రిజిస్ట్రీ పని చేసేది. వెళ్లినప్పుడు ఆ బోర్డు ఉందో లేదో చూడండి. సున్నం కొట్టి చెరిపేసినా జాడ తెలుస్తుంది.

ఇప్పుడు చూడాల్సింది సెర్సాయ్. 2011 మార్చి 31న మొదలైన ఈ కేంద్ర రిజిస్ట్రీలో మొదట దస్తావేజులు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పులే నమోదయ్యేవి. యంత్రాలు, సరుకు, రావాల్సిన బాకీల మీద హైపోతికేషన్లు చేరింది 2016లో. సైట్‌లో ‘పబ్లిక్ సెర్చ్’ అని ఉంటుంది. ఫీజు 10 రూపాయలు, పైన జీఎస్టీ. వెతకడానికి రెండు దారులు: ఆస్తిని బట్టి, అప్పుదారుణ్ని బట్టి. మీరు రెండోదే పట్టుకోండి. ఎందుకంటే చాలా ఎంట్రీల్లో యంత్రం సీరియల్ నంబరు ఉండదు. ‘ప్లాంట్ అండ్ మెషినరీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేసి ఉంటారు. అలాంటప్పుడు నంబరుతో వెతికితే ఖాళీ వస్తుంది, ఖాళీ చూసి జనం మోసపోతారు.

అప్పుదారు ఎవరన్నది ముందు తేల్చుకోండి. మిల్లు సొంత వ్యాపారమైతే ఓనరు పాన్, భాగస్వామ్య సంస్థ అయితే సంస్థ పాన్ కావాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే సెర్సాయ్‌తో పాటు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ‘ఇండెక్స్ ఆఫ్ చార్జెస్’ (కంపెనీ ఆస్తుల మీదున్న అప్పుల జాబితా) కూడా చూడాలి. పేరు స్పెల్లింగు విషయంలో జాగ్రత్త: ‘శ్రీ’కి ఇంగ్లిషులో ఎస్ఆర్ఐ అని, ఎస్‌హెచ్ఆర్ఐ అని, ఎస్ఆర్ఈఈ అని మూడు రకాలుగా రాస్తారు. కాగితం ఫైల్లో అయితే గుమస్తా ముందూ వెనకా తిరగేసి పట్టుకునేవాడు, కంప్యూటరు కొట్టింది కొట్టినట్టే వెతుకుతుంది. అందుకే పాన్‌తో వెతకడం మేలు.

ఒకవేళ ఎంట్రీ ఉంటే, కోర్టుకు వెళ్లకుండానే హామీ ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకిచ్చే సర్ఫేసీ చట్టం 26సి సెక్షను ప్రకారం అది అందరికీ తెలిసినట్టే లెక్క. ‘నాకు తెలీదు’ అంటే చెల్లదు, బ్యాంకు హక్కు యంత్రంతో పాటే మీ మిల్లుకు వస్తుంది. రోజువారీ వ్యాపారంలో జరిగే అమ్మకాలకు ఆ సెక్షన్లో మినహాయింపు ఉంది. మిల్లరు బియ్యం అమ్మడం రోజువారీ వ్యాపారమే, మూతపడ్డ మిల్లు యంత్రం ఊడదీసి అమ్మడం ఆ కోవలోకి రాదు.

ఎంట్రీ లేదంటే అప్పు లేదని కాదు. నమోదు చేయించని బ్యాంకు 26డి సెక్షను వల్ల సర్ఫేసీ కింద స్వాధీనం చేసుకోలేదు గానీ, కోర్టుకు వెళ్లే దారి దానికి మూసుకుపోదు. అందుకని యంత్రం నేమ్‌ప్లేట్‌ ఫొటో తీసుకోండి. దాని మీదున్న సీరియల్ నంబరు వేసి ‘మాకు అభ్యంతరం లేదు’ అని ఓనరు ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ఉత్తరం అడగండి. అప్పు మిగిలి ఉంటే ఆ మేరకు డబ్బు ఓనరు చేతికివ్వకుండా నేరుగా లోన్ ఖాతాలో వేయండి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట కారు లోను తీరింది. అప్పుడు అభ్యంతరం లేదని బ్యాంకువాళ్లిచ్చిన ఎన్‌వోసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 బీరువాలోనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మబోతే ఆన్‌లైన్‌లో ఇంకా ఆంధ్రా బ్యాంక్ హెచ్‌పీ (అప్పు ఉన్నట్టు గుర్తు) చూపిస్తోంది. ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయలు ఇస్తారట కదా? – పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఆ 5,000 మీకు రాదమ్మా. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రీల్లో ఉన్న చార్జ్ (ఆస్తి మీద బ్యాంకు హక్కు) తీయించాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున చెల్లించాలి. కానీ అది 2023 డిసెంబరు 1 నుంచి పత్రాలు ఇవ్వాల్సిన అప్పులకే వర్తిస్తుంది. పైగా మీ బ్యాంకు కాగితాలు ఇచ్చింది, అవి ఆర్టీవో దాకా వెళ్లలేదంతే.

బీరువాలో ఉన్న ఎన్‌వోసీతో ఇప్పుడు పని జరగడం కష్టం. వాటికి చాలావరకు గడువు వేసి ఇస్తారు. మీ కాగితం అడుగున ఆ గడువు రాసి ఉందేమో చూడండి. దాటిపోతే కొత్తది తెచ్చుకోవాలి. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది కనుక కొత్త ఎన్‌వోసీ, ఫారం 35 యూనియన్ బ్యాంకే ఇవ్వాలి. అందులో ‘పూర్వపు ఆంధ్రా బ్యాంక్’ అన్న మాట తప్పకుండా రాయించండి. లేకపోతే ఆర్‌సీలో ఒక పేరు, కాగితంలో ఇంకో పేరు అని కౌంటరు దగ్గరే తిప్పి పంపుతారు.

ఫారం 35 మీద మీ సంతకం, బ్యాంకు సంతకం, ముద్ర ఉండాలి. రెండు ప్రతులు కావాలి. కారు మొదట వేరే ఆర్టీవో పరిధిలో రిజిస్టరై ఉంటే మూడు. వాటితో పాటు ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టి దరఖాస్తు చేయండి. ఇచ్చే ముందు ఛాసిస్ నంబరును ఆర్‌సీతోనూ, ఎన్‌వోసీతోనూ ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూసుకోండి. హెచ్‌పీ తీసేసిన కొత్త ఆర్‌సీ చేతికొచ్చాకే అమ్మకానికి 29, 30 ఫారాలు నింపండి. రెండూ ఒకేసారి పెట్టి ఇరుక్కున్నవాళ్లు చాలామంది.

ప్రశ్న: మా కంపెనీ 1990ల్లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో తీసుకున్న అప్పు ఎప్పుడో తీరిపోయింది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో మాత్రం ఆ చార్జ్ ఇంకా ‘ఓపెన్’ అనే ఉంది. కొత్త లోను ఆగిపోయింది. – పాఠకుడు, బాలానగర్

జవాబు: కాగితాల రోజుల్లో చార్జ్ తీరినట్టు ఫారం 17 వేసేవారు. 2006లో దాఖళ్లు ఎలక్ట్రానిక్ పద్ధతికి మారినప్పుడు చార్జ్ పెట్టిన కాగితం ఎక్కి, తీర్చిన కాగితం ఎక్కని కేసులున్నాయి. అందుకని ముందు పాత ఫైళ్లు దులపండి. కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర ఉన్న ఫారం 17 ప్రతి గానీ, రసీదు గానీ దొరికితే మీది రికార్డు సవరణ వ్యవహారం. అదే ఆధారంగా రిజిస్ట్రారుకు రాయండి.

ఏమీ దొరకకపోతే అప్పట్లో దాఖలు చేయలేదనే అనుకోవాలి. ఇప్పుడు తీర్చినట్టు తెలిపే ఫారం సీహెచ్‌జీ-4. అప్పు తీరిన 30 రోజుల్లో వేయాలి, అదనపు ఫీజుతో 300 రోజుల దాకా రిజిస్ట్రార్ అనుమతిస్తారు. మీది అదీ దాటింది కాబట్టి ముందు సీహెచ్‌జీ-8తో రీజినల్ డైరెక్టరును ఆలస్యం మన్నించమని కోరాలి. బకాయి లేదన్న ఉత్తరం ఎస్‌బీఐ నుంచి తెచ్చుకోవాలి. ఎస్‌బీహెచ్ 2017 ఏప్రిల్ 1న అందులో కలిసింది. ఉత్తరంలో పాత ఖాతా నంబరు ఉండాలి. చార్జ్ తేదీ, అప్పు మొత్తం పోర్టల్‌లో ఉన్నవే అందులోనూ ఉండాలి. అన్నీ అయ్యాక సీహెచ్‌జీ-5 సర్టిఫికెట్ వస్తుంది. తర్వాత తీసుకున్న అప్పులేవైనా సెర్సాయ్‌లోనూ నమోదై ఉంటే అక్కడ విడిగా తీయించాలి. ఒకచోట మూస్తే రెండోచోట దానంతటది మూతపడదు.

ప్రశ్న: కొత్తగా ఆస్ట్రేలియా వచ్చాను, పాత కారు కొంటున్నాను. ఇక్కడ ఆర్‌సీలో హెచ్‌పీ లాంటిది చూడాలా? – పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: అక్కడ చూడాల్సింది పీపీఎస్ఆర్. వాహనాల మీదున్న అప్పులకు రాష్ట్రానికొక రిజిస్టరు, కంపెనీ చార్జ్‌లకు వేరే రిజిస్టరు ఉన్న పద్ధతి పోయి, 2012 జనవరి 30 నుంచి దేశమంతటికీ ఒకటే ఆన్‌లైన్ రిజిస్టరు నడుస్తోంది. సెర్చ్ ఫీజు 2 డాలర్లు. 17 అక్షరాల విన్ నంబరును (కారు గుర్తింపు నంబరును) అమ్మేవాడు పంపిన మెసేజ్‌లోంచి కాపీ చేయకండి, కారు మీదున్నది చూసి కొట్టండి. విన్‌లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపించింది సున్నానే, నిలువు గీత ఒకటే. అప్పుతో పాటు, కారు దొంగిలించినదా, యాక్సిడెంటులో రైటాఫ్ అయినదా (బాగుచేయడం దండగని తేల్చినదా) అన్నది కూడా అందులో తెలుస్తుంది. సెర్చ్ చేసిన రోజే గానీ, మర్నాడు గానీ కొనండి. వారం కిందటి సర్టిఫికెట్ పట్టుకుని డబ్బు ఇవ్వకండి.