శనివారం కూడా ఆఫీసా?

అమెరికాలోని ఫ్రిస్కో నుంచి రాసిన చెల్లెమ్మకి,

మీ వారికి 50 ఏళ్లు, ఉద్యోగం పోయి 14 నెలలు. ఇల్లు మీ జీతం మీద నడుస్తోంది. ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, హైదరాబాద్‌లో ఇంకా ఎవరికీ తెలియదు. ఇదంతా రాశారు. అంత పెద్ద ఉత్తరంలో నెలకి ఎంత వస్తోందో, ఎంత పోతోందో మాత్రం ఒక్క అంకె లేదు. నాకు ముందు అదే కనిపించింది.

మేము 1998లో వచ్చాం. మా వారు అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని, 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని న్యూజెర్సీలో దిగారు. ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకి, ఇంత పొడుగు నంబరు నొక్కేవాళ్లం. మీకు అన్నీ అరచేతిలో ఉన్నాయి, అందుకే కాస్త గాలి మారేసరికి బెంబేలెత్తిపోతారు. ఏమీ అనుకోకండి, మేమూ తక్కువ తెలివితక్కువ పనులు చేయలేదు.

2013 మార్చిలో మా వారి ఉద్యోగం పోయింది. అప్పుడాయనకి 51. నాది ఒక క్లినిక్‌లో బిల్లింగ్ పని. ఆ కంగారులో ఆయన పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే కోబ్రా అనే చట్టం కింద సొంత డబ్బుతో కొనసాగించాం. కంపెనీ కట్టే వాటా కూడా మన నెత్తినే పడుతుంది, నెలకి 1,600 డాలర్లు. నా క్లినిక్ ప్లాన్‌లో 30 రోజుల్లోపు చేరి ఉంటే అందులో సగంతో పోయేది. ఆ సంగతి నాకు 45వ రోజున తెలిసింది, అదీ పక్క సీటావిడ మాటల్లో.

అది చిన్న దెబ్బే. అసలు దెబ్బ హైదరాబాద్ వైపు నుంచి తగిలింది, తప్పు మాదే.

నిజాంపేటలో ఫ్లాట్ కొని ఉన్నాం. ఈఎంఐ 31 వేలు, వచ్చే అద్దె 9 వేలు. దానికి తోడు ఆ కార్తీకంలోనే మా ఆడపడుచు కూతురి పెళ్లి. మేనమామ అమెరికాలో ఉన్నాడు కదా, ఫంక్షన్ హాలు ఖర్చు మాదేనని ఎప్పుడో మాటిచ్చేశాం. ఉద్యోగం లేదని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. రిటైర్మెంట్ కోసం దాచుకున్న 401కే ఖాతా నుంచి ముందుగానే 30 వేల డాలర్లు తీశాం. 20 శాతం పన్ను అక్కడికక్కడే కోసుకుని 24 వేలు చేతికిచ్చారు. మరుసటి ఏప్రిల్‌లో పెనాల్టీ కింద ఇంకో 3 వేలు కట్టాం. ఆ హాలు కొంపల్లిలో. పెళ్లికి మేము వెళ్లలేదు, టికెట్లకి డబ్బుల్లేక. సెలవు దొరకలేదని చెప్పాం.

ఇంకో విచిత్రం చెప్పనా? రోజూ పొద్దున 7 గంటలకి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవారు. హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీ నుంచి మా అత్తయ్య స్కైప్‌లోకి వచ్చే వేళ అది. పైన చొక్కా, కింద లుంగీ. ఐదు నిమిషాలు మాట్లాడి, "సరే అమ్మా, ఆఫీసుకి టైమైంది" అని ల్యాప్‌టాప్ మూసి, చొక్కా విప్పి మళ్లీ హ్యాంగర్‌కి తగిలించేవారు. పదకొండు నెలలు. ఒకరోజు అలవాటుగా చొక్కా వేసుకుని కూర్చుంటే ఆవిడ అన్నది, "శనివారం కూడా ఆఫీసా నాయనా?"

ఆయన ఏడ్చేశారు. అత్తయ్య ఏడవలేదు. "సనత్‌నగర్‌లో మీ నాన్న కంపెనీ మూతపడ్డప్పుడు నేను ఇల్లు నడపలేదా? ముందే చెప్పి ఉంటే పెళ్లి కాలనీ కమ్యూనిటీ హాల్లో కానిచ్చేవాళ్లం కదరా" అంది. మరుసటి నెల నుంచి పై పోర్షన్ అద్దె మా ఈఎంఐకి జమ చేసింది. ఆరు నెలలకి ఫ్లాట్ అమ్మేశాం. ఎన్నారై అమ్మితే కొనేవాడు ముందే పట్టుకునే పన్ను, టీడీఎస్, వేరే లెక్క, ముందే సీఏని కలవండి.

మీ వీసా రూల్స్ సంగతి లాయర్ చెబుతాడు. ఒక్కటి మాత్రం అడుగుతాను: మీ గ్రీన్‌కార్డు ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే, హెచ్-4 డిపెండెంట్ వీసాలో ఉన్న మీ వారు ఈఏడీకి, అంటే పని చేసుకునే పర్మిట్‌కి, అప్లై చేయొచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. చేశారా?

ఆయన మాట్లాడకపోవడం గురించి నేను చెప్పగలిగింది తక్కువ. మా వారూ నెలల తరబడి మాట్లాడలేదు. లెక్కల గొడవలో నేను సరిగ్గా పట్టించుకోలేదు కూడా. నిద్ర పట్టడం లేదంటే డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేయకండి. మా ఇంట్లో పనికొచ్చిందల్లా లెక్కల పుస్తకం. అప్పటిదాకా నేనే రాసేదాన్ని, అది తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. మేమెవరమూ వెళ్లని జిమ్‌కి నెలనెలా 39 డాలర్లు పోతున్నాయని మొదటిరోజే పట్టుకున్నారు. చాలా రోజుల తర్వాత నాతో ఆయన గట్టిగా మాట్లాడింది ఆ జిమ్ గురించే. నామీద కేకలేశారు లెండి, అయినా నాకు ప్రాణం లేచొచ్చింది.

అమీర్‌పేట నుంచి ఆన్‌లైన్ కోర్సు చేయించమంటారా అని కూడా అడిగారు. మా వారు హడూప్ అనే సాఫ్ట్‌వేర్ కోర్సు చేశారు, ఫీజు 25 వేలు. కొడుకు వయసు కుర్రాడు "సార్, వినపడుతోందా" అంటూ చెప్పేవాడు. చివరికి లేని అనుభవం రెజ్యూమెలో పెట్టిస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఆ పాతికవేలు మాత్రం పోయాయి. 22 నెలలకి, 2015 జనవరిలో దొరికిన కాంట్రాక్టు మళ్లీ ఆ పాత కోబాల్‌లోనే. జీతం మూడింట రెండు వంతులు. తీసుకున్నాం.

ఇప్పుడు కేపీహెచ్‌బీలోనే ఉన్నాను. పక్కన అత్తయ్య చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎవరికి రాస్తున్నావని అడిగితే మీ సంగతి చెప్పాను.

"ఇక్కడ వాళ్లకి ఈఎంఐలు ఏమున్నాయో అడుగు" అంది.