గీత రోజూ చదువుతున్నా లోపలి కోపం చల్లారదేం?

ప్రశ్న: నా వయసు 46. ఆస్తి పంపకాల్లో అన్నయ్య చేసిన అన్యాయానికి మూడేళ్లుగా లోలోపల రగిలిపోతున్నాను. పైకి ఒక్క మాటా అనలేదు. రోజూ గీత ఒక అధ్యాయం చదువుతున్నా, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మనసులోనే ఆయనతో వాదించుకుంటున్నాను. ఏం చేయాలి?

సలహా: కొన్నాళ్లు అధ్యాయాలు పక్కనపెట్టి, రెండో అధ్యాయంలోని 62, 63 శ్లోకాలే చదవండి. విషయాన్ని తలపోస్తే సంగం (దాన్ని అంటిపెట్టుకోవడం), సంగం వల్ల కోరిక, కోరిక నుంచి కోపం, ఆపైన మోహం (మంచిచెడ్డలు తెలియకపోవడం), తెలిసింది మరచిపోవడం, బుద్ధినాశం... వరస ఇదీ. అంతా 'ధ్యాయతః' దగ్గర, అంటే పదేపదే తలచుకోవడం దగ్గర మొదలైంది చూడండి. రాత్రి రెండింటికి మీరు చేస్తున్నది అదే. పాత గొడవను తిరగేసినప్పుడల్లా శరీరం అది ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది. అడ్రినలిన్, గుండె వేగం, బీపీ పెరుగుతాయి, నిద్ర దూరమవుతుంది.

దవడ బిగుసుకుని ఉండగా ఏ శ్లోకమూ తలకెక్కదు. ముందు ఐదు నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. తల తిరిగితే మరీ బలంగా లాగుతున్నారన్నమాట, తగ్గించండి. తర్వాత శ్లోకాలను తాత్పర్యంతో రెండుసార్లు చదివి మూడు లైన్లు రాయండి: ఈరోజు ఏ సంఘటన తలచుకున్నాను? అందులో నాకు కావాల్సిందేంటి? అది నా చేతిలో ఉందా? రెండో లైనే కష్టం. మొదట్లో 'నా వాటా' అని రాస్తారు. రాయగా రాయగా 'అన్నయ్య తప్పు ఒప్పుకోవాలి' అన్నది బయటపడొచ్చు. మూడో ప్రశ్నకు అసలు పని అప్పుడే.

చాలామంది శ్లోకం చదువుతూ 'ఇది అచ్చం ఆయన గురించే' అనుకుంటారు. అక్కడితో పారాయణం కాస్తా వాదనకు సాక్ష్యమైపోతుంది. ఇక అణచుకోవడమే శాంతం అనుకోవద్దు. పైకి ఇంద్రియాలను బిగబట్టి లోపల తలపోసేవాణ్ని గీతే (3-6, అంటే మూడో అధ్యాయం, ఆరో శ్లోకం) మిథ్యాచారుడు, అంటే కపటి అంది. 5-23లో కామక్రోధాల 'వేగాన్ని' తట్టుకోగలిగినవాడే యోగి అంటుంది, వేగమే రాకూడదనలేదు. అలాగని అరిచి, దిండ్లు గుద్ది కక్కేసినా తగ్గదు, అదే అలవాటవుతుంది.

రాత్రి మెలకువ వస్తే పుస్తకం తెరవొద్దు, ఫోన్ అసలే వద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో ఆ శ్వాసే చేసి, నిద్ర ముంచుకొచ్చాక మంచం ఎక్కండి.

బీపీ, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా, డిప్రెషన్ ఉన్నా చిరాకు, నిద్రలేమి ఉంటాయి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలని, ఎవరినైనా కొట్టాలని అనిపిస్తే ఆ రోజే వెళ్లండి. ఛాతీలో నొప్పి వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

వాటా సంగతి వదులుకోమని దీనర్థం కాదు. లాయరుతో మాట్లాడండి, కాగితాలు పగటిపూటే చూసుకోండి, పడుకునే ముందు మాత్రం ముట్టుకోవద్దు.